తాళం చూసి వెళ్లిన ఘటం

మే 5, సోమవారం

ఈరోజు స్టేషన్లో మా టూరిస్టు ఇన్ఫర్మేషన్ కౌంటర్ దగ్గరికి వచ్చినవాళ్లలో టూరిస్టు ఒక్కడూ లేడు. బాత్రూం ఎక్కడ. బయటికి దారి ఎటు. ఫోను ఛార్జింగ్ పెట్టుకోవచ్చా. దీఘా బస్సు వెళ్లిపోయిందా... వెళ్లిపోయింది, నీ ముందునుంచే వెళ్లింది, నువ్వు సెల్ఫీ తీసుకుంటున్నావు. అలాగే అన్నాను. లోపల్నుంచి మా బెంగాలీ ఆఫీసరు సాహా దా కేక — "గౌరీ, మాథా ఠండా, మాథా ఠండా." ఆయన తల చల్లగానే ఉంటుంది. ఆఫీసులో ఉన్న ఒక్క కూలరూ ఆయన వైపే తిరిగి ఉంటుంది.

మధ్యాహ్నం ఒక మొగుడూ పెళ్లాం. ఇక్కడ చూడ్డానికి ఏముంది అని. ప్లాట్‌ఫారం ఉంది, పొడుగైనది అన్నాను. మొగుడు ఫోను చూసి, అన్నింటికన్నా పొడుగు ఇది కాదటగా ఇప్పుడు, అన్నాడు. నాకేసి అనుమానంగా చూశాడు. నేనేమైనా కోసి ఇంటికి పట్టుకెళ్లానా?

మే 6, మంగళవారం

ఎండ. మలంచా రోడ్డు మీద ఆటోల హారను పొద్దున ఐదింటికే మొదలవుతుంది. ఈ అద్దె ఇంట్లో కిటికీ తెరిస్తే దుమ్ము, మూస్తే ఉడుకు.

వచ్చే మంగళవారం మాతా పూజ. మా ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్ల లైన్లలో అమ్మవారి ఘటం ఇంటింటికీ తిరిగేది ఆ రోజే. పోయినేడు ఈ వేళకి అమ్మ గడపకి పసుపు రాసి, చుట్టుపక్కల ఆడవాళ్లందరి మీదా అరిచి, నా మీదా అరిచి, ఇల్లంతా వేపాకు చేసింది. ఈ ఏడు ఆ మాటే ఎత్తడం లేదు. నాన్న రిటైరయ్యాడు, క్వార్టరు ఖాళీ చేశాం, మేం వచ్చేసిన కొన్నాళ్లకే ఆ లైన్లన్నీ కూలగొట్టి చుట్టూ రేకులు కట్టేశారు. అప్పట్నుంచి నేను అటు వెళ్లలేదు. చూస్తే ఎవడినో ఒకడిని కొడతాను.

"ఘటానికి ఎల్దామా అమ్మా?" అని ఇవాళ అడిగాను.

"గుమ్మం నేనోళ్లకి ఘటమేటి?" అని చింతపండు పిప్పి విసిరి బయట పారేసింది.

నిజమే. అందుకే ఇంకా కోపం.

మే 7, బుధవారం

ఒక మామ్మ వచ్చింది. డెబ్బై దాటి ఉంటుంది. గుడ్డ సంచీ, సంచీలో ఒక చిన్న ఇత్తడి చెంబు మూతి బయటికి కనబడుతోంది. కౌంటరు అంచు పట్టుకుని నిలబడి నన్నే చూస్తోంది.

"తెలుగొస్తాదా అమ్మడూ?"

"ఒస్తాది. సెప్పు."

"పైన బోర్డు మీద ఏటి రాసినారో ఒకల సేత సదివించుకున్నాను. ఇన్ఫర్మేషనంట. అయితే సెప్పు, మా ఇల్లెక్కడ?"

ఎక్కడి ఇల్లు అంటే ఓల్డ్ సెటిల్‌మెంట్ అంది. పన్నెండేళ్ల వయసు దాకా అక్కడ పెరిగిందట. ఇప్పుడు ఉండేది బొబ్బిలి.

ఇక్కడ చూసే ప్రదేశాల గురించే చెబుతాం మామ్మా, ఇళ్ల గురించి కాదు, అన్నాను. ఈ మాట రోజూ ఎవరో ఒకరికి చెబుతాను, నోటికి వచ్చేసింది.

"సూడ్డానికే అడుగుతున్నాను."

ఇరుక్కున్నప్పుడు నేను ముఖం మీద కొట్టినట్టు మాట్లాడతాను, అదొక రోగం. "కూల్సీసినారు. ఏటీ నేదక్కడ" అన్నాను.

మామ్మ బల్ల మీద కూర్చుంది. "ఒక్క ముక్కా నేదా?" అంది.

నా సీసాలో నీళ్లు తాగింది. గోల్ బజార్ పక్క లాడ్జిలో దిగానని చెప్పి వెళ్లిపోయింది. ఆమెని వెనక్కి పిలుద్దామని లేచాను, అంతలో ఎవడో వచ్చి ఏటీఎం ఎక్కడ అన్నాడు. వాడిని తిట్టాను. పాపం వాడేం చేశాడు.

మే 8, గురువారం

మళ్లీ వచ్చింది. ఈసారి ఏమీ అడగలేదు. గోడమీద కొండల పోస్టరు కింద కూర్చుని చెప్పడం మొదలుపెట్టింది. పేరు పైడమ్మ. కౌంటరు దగ్గర జనం ఉన్నప్పుడు ఆగేది, వాళ్లు వెళ్లగానే ఆపిన చోటు నుంచి అందుకునేది.

వాళ్ల తమ్ముడు చిన్నప్పుడు ఒళ్లంతా అమ్మవారు పోసి పడుకున్నాడట. వాళ్లమ్మ మొక్కుకుంది — బిడ్డ లేస్తే మూడేళ్లు వరసగా మా గుమ్మం దగ్గర ఘటం ఎత్తినావిడకి పసుపు నీళ్లతో కాళ్లు కడుగుతాను అని. లేచాడు. రెండేళ్లు కడిగింది. మూడో ఏడు వాళ్ల నాన్న జ్వరంతో పోయాడు. క్వార్టరు ఖాళీ చెయ్యాలి. మంగళవారం ఘటం. వాళ్లకి సోమవారం బండి.

"తాళమేసి, సెవి పక్కింటోళ్లకిచ్చి, ఎక్కీసినాం. మర్నాడు అమ్మోరొచ్చి మా గుమ్మం కాడ నిలబడిందంట. సాలాసేపు నిలబడిందంట. తాళం సూసి ఎల్లిపోనాదంట. తరవాత ఉత్తరం రాసినారు. ఎందుకు రాసినారో... రాయకపోతే పోను."

వాళ్లమ్మ తొంభై ఏళ్లు బతికింది. పోయిన కార్తీకంలో పోయింది. చివర్లో ఎవరినీ గుర్తుపట్టలేదట. తాళం తియ్యండే, ఆవిడ నిలబడిపోయింది, తాళం తియ్యండే — అదే మాట.

"ఆ మూడో ఏడుది నాను కడిగీసి పోతాను అమ్మడూ. ఎక్కడో సెప్పు, సాలు."

తమ్ముడేమంటాడు అని అడిగాను. "ఆడా? ఆడు పెద్ద ఆఫీసరై రిటైరైనాడు. బొబ్బిల్లో గుళ్లు నేవేటి, అక్కడ కడుగు అన్నాడు. ఆడికేటి తెలుసు, ఒళ్లు మంటెత్తి ఏడిసినోడు ఆడైతే మొక్కినాది మా అమ్మ."

భోజనం టైములో కౌంటరు మూసి టోటో, అదే బ్యాటరీ రిక్షా, ఎక్కించి తీసుకెళ్లాను. మాదీ అక్కడే అని దారిలో చెప్పాను. రేకుల మధ్య ఒక గేటు. వాచ్‌మన్ బిహారీ, బీడీ తాగుతున్నాడు. పది నిమిషాలే దీదీ అన్నాడు.

లోపల... చదును. అంతే. ఇటుక ముక్కలు, గాజు పెంకులు, ఎండ. చెట్లు కూడా లేవు. లైన్ల మధ్య దారులు కూడా తవ్వేశారు.

మామ్మ అటు నడిచింది, ఇటు నడిచింది. "పంపేది?" అంది. నీళ్ల పంపు, లైనంతటికీ అదొక్కటే ఉండేది. లేదు. "పంపు దొరికితే నాను సెప్పీగలను... మాది పంపు దాటినాక." నా వైపు తిరిగి, "పోనీ మీదేది?" అని అడిగింది.

మాదా.

నిలబడి తిరిగాను. అటు వర్క్‌షాపు పొగ గొట్టం, ఇటు వాటర్ ట్యాంకు. మా ఇల్లు వాటి మధ్యలో ఎక్కడో. పుట్టి పెరిగిన ఇల్లు. ఇక్కడా? ఇంకొంచెం అటా? చెప్పలేకపోయాను. అందరికీ దారి చెప్పే ఉద్యోగం నాది.

ఏడవలేదు. వచ్చేటప్పుడు రేకుని తన్నాను. చెప్పు తెగింది.

మే 9, శుక్రవారం

సింహాచలం మావ గుర్తొచ్చాడు. ఘటం ముందు డప్పు కొట్టేది ఆయనే, అంతకుముందు వాళ్ల నాన్న. ఖరిదాలో సైకిలు రిపేరు కొట్టు. డప్పు కొట్లోనే గోడకి, ట్యూబుల పక్కన.

మామ్మ ఇల్లు ఎక్కడో చెప్పు మావా అంటే నవ్వాడు. "అడిగితే నాను సెప్పలేను గుంటా. కొట్టుకుంటా నడిస్తే సేతికి వొస్తాది."

రాసుకోవాలి ఇది. రోజూ చూసి కూడా నాకు తెలియదు.

ఘటం ఎత్తిన మనిషి తలెత్తకూడదు, మాట్లాడకూడదు. ముఖం మీద వేపమండలు దిగి ఉంటాయి, కాళ్ల ముందు జానెడు నేల తప్ప ఏమీ కనబడదు. డప్పు వెనక నడుస్తుంది. డప్పు ఆగితే ఆగుతుంది. ప్రతి గుమ్మం దగ్గరా ఆగాలి. తాళం ఉన్నా ఆగాలి, మనుషులు ఊళ్లో లేకపోయినా ఆగాలి. మలుపులో ఒక దెబ్బ, గుమ్మానికొక దెబ్బ, పంపు దగ్గర మాత్రం గబగబా — అక్కడ బిందెలు తీసి దారి ఇవ్వాలి కాబట్టి. వాళ్ల నాన్న తుండు చివర పట్టుకుని నడిచి నేర్చుకున్నాడు మావ. నంబర్లు తెలియవు, పేర్లు తెలియవు. దెబ్బలు తెలుసు. ఒక్కటి వదిలినా చుట్టు తక్కువవుతుంది అన్నాడు.

అయితే రేపు పద, ఒకసారి కొట్టి చూపించు అన్నాను.

"తప్పు. ఘటం నేకండా ఆ దెబ్బ కొట్టకూడదు."

మంగళవారం దాకా ఆగాలన్నమాట. మామ్మ టికెట్టు సోమవారానికి. వాళ్లబ్బాయి తీసి పంపాడు, ఘటం ఏ రోజో అడగకుండా.

"అయినా ఈయేడు అటు ఎల్లం కదే" అన్నాడు మావ చక్రం తిప్పుతూ. "పూజ కమిటీ మీటింగయిపోనాది. గోల్ బజార్ మీంచి బ్యాండు తోటి."

నువ్వేమన్నావు అని అడిగాను.

"నన్నెవులడిగినారు?"

మే 10, శనివారం

కమిటీ ప్రెసిడెంటు అప్పారావు మావ, గోల్ బజార్‌లో కిరాణా కొట్టు. వెళ్లాను. మర్యాదగా మాట్లాడాలి అనుకుంటూ వెళ్లాను. నిజంగా.

"జనం నేని సోటికి అమ్మోరిని తిప్పుతావేటి?" అన్నాడు. "గాజు పెంకులు, మేకులు. ఘటమెత్తే కొండమ్మొదిన ఒట్టికాళ్లతో నడవాల. కాలు తెగితే ఘటం దిగిపోద్ది, అప్పుడెవులిది పూచీ? నీదా?"

అదీ నిజమే. నిజం కాబట్టే నాకు ఒళ్లు మండింది.

తాళం ఉన్న ఇంటి ముందు ఆగుతుంది, కూలిన ఇంటి ముందు ఆగదా? కొట్లున్నోళ్లకే అమ్మోరా? బ్యాండు ఎవరి కొట్టు ముందు ఎంతసేపు వాయించాలో కూడా మీటింగులో రాసుకున్నారా? — ఇలా అన్నాను. ఇంకా అన్నాను. సరుకులు కొనడానికి వచ్చినవాళ్లు ఆగి విన్నారు.

"నోరు తగ్గించు గౌరీ. ఆడపిల్లవని ఊరుకుంటన్నాను."

"ఊరుకోకు."

చెడగొట్టేశాను. ఒక మంచి మాట అంటే ఒప్పుకునేవాడేమో. నాకు ఆ మంచి మాట రాదు. చదవడం నేనే నేర్చుకున్నాను, తెలుగు క్యాలెండర్ల వెనకాల చూసి నేర్చుకున్నాను, బెంగాలీ బోర్డులు చూసి నేర్చుకున్నాను. మంచిగా అడగడం ఎక్కడా రాసి లేదు.

ఆఫీసుకి వచ్చి మామ్మకి చెప్పాను. పోనీలే అమ్మడూ, మా అమ్మా సోమారమే ఎల్లిపోనాది, నానూ సోమారమే ఎల్తాను, అంది. నవ్వుతూనే అంది. అది చూడలేకపోయాను. లాడ్జి ఖాళీ చేయించి మలంచా తీసుకొచ్చేశాను. సోమవారం దాకా మాతో ఉంటుంది.

అమ్మ ముందు నన్ను చూసింది, తరవాత మామ్మని, తరవాత ఇత్తడి చెంబుని. చాప వేసింది. అన్నం పెట్టింది. పెరుగు వేసింది. అప్పుడు —

"ఏ లైనేటి మీది?"

ఇక వాళ్లిద్దరినీ ఆపడం నా వల్ల కాలేదు. నాన్న కూడా మధ్యలో దూరాడు, ఎవరి ఇంటి కోడి ఎవరి పెరట్లో గుడ్డు పెట్టేది అని. వేరు వేరు కాలాల కోళ్లు. అయినా పోట్లాట వచ్చింది.

మే 11, ఆదివారం

అమ్మ మామ్మ తలకి నూనె రాసింది. నాకు రాసి ఎన్నేళ్లయిందో.

మామ్మ ఏం చెప్పిందో, అమ్మ కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఉల్లిపాయలు తరుగుతున్నాను అంది. ఇవాళ ఇంట్లో ఉల్లిపాయలు లేవు.

"నువ్వన్నా సెప్పమ్మా అప్పారావు మావకి" అన్నాను.

"నాకేటి పని? నాకు గుమ్మముందేటి?"

మే 12, సోమవారం

మామ్మ బండి రోజు. పొద్దున్నే నాతో ఆఫీసుకి వచ్చింది, పోస్టరు కింద తన చోట్లో కూర్చుంది. సంచీ ఒళ్లో.

జనం బాగా ఉన్నారు. పెద్ద కాలేజీలో పిల్లల్ని చూడ్డానికి వచ్చిన తల్లిదండ్రులు, ఆటోకి ఎంత, గెస్టుహౌసు ఎక్కడ. ఒకావిడ కొడుకు ఫోను ఎత్తడం లేదని కంగారు. కూర్చోబెట్టాను. ఎందుకు కూర్చోబెట్టానో తెలియదు, మామూలుగా అయితే లైను ఆపకండి అంటాను. మామ్మ జరిగి చోటిచ్చింది. ఒకరి భాష ఒకరికి రాదు. ఆ అబ్బాయి ఫోను చేసే దాకా ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని కూర్చున్నారు.

బండి అనౌన్సు చేశారు. తెలుగులో కాదు, అయినా ఆమెకి అర్థమైంది.

"మామ్మా, బండి."

"తెలుసు."

మళ్లీ అనౌన్సు. సంచీ భుజాన వేసి ఆమె చెయ్యి పట్టుకున్నాను. లేవలేదు.

"ఘటం అటు రాదు మామ్మా. నాను మాటలాడింది పాడయిపోనాది. ఉండి ఏటి సేస్తావు?"

బండి కూత వినబడింది. అది పూర్తిగా వెళ్లేదాకా మామ్మ కొండల పోస్టరు వైపే చూసింది. అప్పుడు —

"ఒకసారి ఎక్కీసినాం కదేటి."

లోపల్నుంచి సాహా దా వచ్చి ఏమైంది అన్నాడు. చెప్పాను. వెళ్లి కూలరుని మామ్మ వైపు తిప్పాడు.

మే 13, మంగళవారం

ఇవాళే రాయాలి.

మధ్యాహ్నం నుంచి సెలవు అడిగితే పై ఆఫీసు ఇవ్వలేదు. ఇవ్వకపోయినా వెళ్తాను అన్నాను. "తుమి జావ్, ఆమి దేఖ్‌బో" అన్నాడు సాహా దా, అంటే కౌంటర్లో తనే కూర్చుంటాడట. జన్మలో మొదటిసారి. నిజంగానే వచ్చి నా కుర్చీలో కూర్చున్నాడు.

అమ్మ పొద్దున్నే మామ్మ చెంబులో పసుపు నీళ్లు కలిపి వేపాకు వేసింది. నువ్వూ రా అమ్మా అన్నాను. "నాకు పనున్నాది" అని పొయ్యి గట్టు తుడిచింది. తుడిచిందే తుడిచింది.

గోల్ బజార్ చౌరస్తా. కుడివైపు బజారు, ఎడమవైపు రేకుల గేటు. బ్యాండువాళ్లు కుడివైపు తిరిగి నిలబడ్డారు, పాట అందుకున్నారు. అప్పారావు మావ తెల్ల చొక్కాలో చేతులు ఊపుతూ, ఇటు ఇటు అని. దూరం నుంచి డప్పు. దాని వెనక కొండమ్మత్త నెత్తిన ఘటం, వేపమండల్లో మొహం కనబడదు. పసుపు కాళ్లు మాత్రం.

మామ్మా నేనూ మూల మీద. చెంబు ఆమె రెండు చేతుల్లో. నేను సింహాచలం మావనే చూస్తున్నాను. ఆయన నన్ను చూడలేదు. ఎవర్నీ చూడలేదు. చౌరస్తాలోకి వచ్చాడు.

మలుపు దెబ్బ కొట్టాడు. ఎడమకి తిరిగాడు.

కొండమ్మత్త వెనకే తిరిగింది. బ్యాండు వాయిస్తూనే ఉంది, కుడివైపు, ఎవరూ లేకుండా.

"ఏయ్ సింహాచలం! అటు కాదెహె!" అప్పారావు మావ పరుగు. కానీ ఘటాన్ని ముట్టుకోకూడదు, డప్పుకి అడ్డం రాకూడదు. అందరికీ తెలుసు. పక్కనే నడుస్తూ తిడుతున్నాడు — "నీ డప్పు సించెస్తాను, సైకిళ్లు బాగుసేసుకునే ఎదవా" — మావ చెయ్యి ఆగలేదు. తిట్టుకీ దెబ్బకీ తాళం కుదిరిపోయింది, ఆడవాళ్లు నవ్వారు.

గేటు దగ్గరికి వచ్చేసరికి అప్పారావు మావ తిట్టడం మానేశాడు. నేల వైపు చూశాడు, కొండమ్మత్త కాళ్ల వైపు చూశాడు. ముందుకి పరిగెత్తాడు. వాచ్‌మన్‌ని పక్కకి తోసి గేటు తీశాడు. వంగాడు. ఘటం ముందు ముందు, వంగిన మనిషి వంగినట్టే, గాజు పెంకులూ ఇటుకలూ రెండు చేతులతో ఏరి పారేస్తూ పోయాడు. తెల్ల చొక్కా. కొట్లో పొట్లం కట్టడానికి కూడా కుర్రాడిని పిలిచే మనిషి. నేను వెళ్లి పక్కన వంగాను. ఇద్దరం మాట్లాడుకోలేదు. "అది మేకు, సూడు" అన్నాడు ఒకసారి.

చదును నేల మీద డప్పు. దెబ్బ, ఆగు. దెబ్బ, ఆగు. ఏమీ లేని చోట ఘటం ఆగుతోంది, మళ్లీ కదులుతోంది. మలుపు లేని చోట తిరుగుతోంది. వెనక జనం గుంపుగా నడవడం మానేసి ఒకరి వెనక ఒకరు వరసలో నడవడం మొదలుపెట్టారు — ఎవరూ చెప్పలేదు — లైన్ల మధ్య ఇరుకు దారిలో నడిచినట్టు.

ఒకచోట డప్పు గబగబా మారింది. సింహాచలం మావ అరిచాడు, "పంపు!"

మామ్మ చెయ్యి నా మోచేతిని గట్టిగా పట్టుకుంది.

దెబ్బ. ఆగు. "సూరమ్మోళ్లది" అంది మామ్మ. మెల్లగా, తనలో తనే. దెబ్బ, ఆగు. "ఫైర్‌మన్ రావులోళ్లది. ఆళ్ల నడిపి పిల్ల నా జట్టు." దెబ్బ. "ఇది... మలయాళపోళ్లు, ఆళ్లకీ ఆగేది." దెబ్బ. నా చెయ్యి వదిలేసింది. ఎవరూ ఏమీ అనకుండానే జనం పక్కకి జరిగారు.

డప్పు కొట్టాడు. ఆగాడు. కొండమ్మత్త ఆగింది.

"మాది."

వంగడం ఆమె వల్ల కావడం లేదు. నేలమీద కూర్చుండిపోయింది, ఎండకి కాలిన నేల మీద. ఒక కాలి మీద పోసింది. ఇంకో కాలి మీద పోసింది. వేపాకు అరచేత్తో రాసి పాదాలు కడిగింది, పసిపిల్లకి కడిగినట్టు, వేళ్ల సందుల్లో కూడా. చెంబు బోర్లించి ఆఖరి చుక్క దాకా. అప్పుడు తలెత్తి అంది —

"తాళం తీసీసినాం అమ్మా."

ఘటంతో అన్నదో, వాళ్లమ్మతో అన్నదో. ఘటం ఆగింది. చాలాసేపు ఆగింది. సింహాచలం మావ డప్పు మీద చెయ్యి పెట్టుకుని, ఎటో చూస్తూ నిలబడ్డాడు.

తరవాతది కూడా రాయాలి.

ఇంకో లైను. మలుపు. నేను పెంకులు ఏరుతున్నాను. డప్పు ఆగింది. మళ్లీ మొదలవుతుందనుకున్నాను, మొదలవలేదు. తలెత్తితే సింహాచలం మావ నన్నే చూస్తున్నాడు.

ఇక్కడా... మా ఇల్లు ఇక్కడేనా. ట్యాంకు అటు, పొగ గొట్టం ఇటు. నేను అనుకున్న చోటుకి చాలా పక్కన.

నా చేతుల్లో ఏమీ లేదు. మామ్మ గబగబా చెంబు చూసింది, ఖాళీ. అందరూ చూస్తున్నారు. కొండమ్మత్త మాట్లాడకూడదు, కదలకూడదు, మెడ మీద చెమట కారుతోంది. నేను అసలు నాకోసం రాలేదు కదా, మామ్మ కోసం వచ్చాను కదా, అనాలనిపించింది. ఎవరికి చెప్పాలి?

బ్యాగులో ఆఫీసు సీసా. తీసి కాళ్ల మీద పోశాను. పసుపు లేదు, వేపాకు లేదు. సాహా దా ఫ్రిజ్ నీళ్లు — చల్లగా తగిలేసరికి కొండమ్మత్త కాలి వేళ్లు ముడుచుకున్నాయి. ఒకరిద్దరు నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. తరవాత ఏమైందో నాకు సరిగ్గా తెలియదు, అప్పారావు మావ చెయ్యి నా తల మీద ఉంది, ఆ చెయ్యంతా మట్టి. "సాల్లే, లే" అంటున్నాడు.

మే 14, బుధవారం

మామ్మని బండి ఎక్కించాను. సాహా దా ఎవరినో పట్టుకుని బెర్తు సంపాదించాడు. చెంబు అమ్మ తోమి ఇచ్చింది, తళతళా ఉంది.

కిటికీ లోంచి, "నీకు కోపం ఎక్కువే అమ్మడూ" అంది. అవునన్నాను. "ఉండనీ" అంది. బండి కదిలింది. ఇంకేదో అంది, వినబడలేదు.

కౌంటర్లో నిన్నటి సంగతులు సాహా దా చెప్పాడు. ఒక్క మధ్యాహ్నంలో ఎంతమంది బాత్రూం అడిగారో అని ఆశ్చర్యపోయాడు. ఒకడితో కేకలు వేశాడట. మాథా ఠండా అన్నాను.

మే 15, గురువారం

నిన్నా మొన్నా అమ్మ ఏమీ అడగలేదు. ఇవాళ నేను తింటుంటే, గోడకేసి తిరిగి, అడిగింది.

"మన కాడ ఆగిందా?"

"ఆగింది."

"ఎవులు కడిగినారు?"

"నాను."

"పసుపేది?"

చెప్పాను. ఫ్రిజ్ నీళ్లు. సీసాతో. అరుస్తుంది అనుకున్నాను. అరిస్తే బాగుండేది. గరిటె కింద పెట్టింది.

"ఒట్టి నీళ్లతో పంపించీసినావా" అంది. అంతే.

మే 17, శనివారం

మంగళవారం ఘటం మారు తిరుగుతుంది. పండగ తరవాత వారం మళ్లీ ఒక చుట్టు, ప్రతి ఏడూ ఉండేదే.

అప్పారావు మావ ఆఫీసుకి వచ్చాడు. టూరిస్టుల్లా కౌంటరు ముందు లైన్లో నిలబడి వచ్చాడు. సోమవారం నుంచి గేటు వెల్డింగ్ చేసి మూసేస్తారట, లోపల మిషన్లు దిగుతున్నాయట. మంగళవారం దాకా మూయొద్దని అడగడానికి కాంట్రాక్టరు దగ్గరికి వెళ్తాడట. "నువ్వు రాకు" అన్నాడు. "నాను మాటలాడతాను. నువ్వొస్తే పాడు సేస్తావు." సరే అన్నాను.

ఇంటికి వచ్చి అమ్మకి ఈ సంగతి చెబుదామని వంటింట్లోకి వెళ్లాను. గిన్నెలో పసుపు కొమ్ములు నానబెట్టి ఉన్నాయి. పక్కన రోలు, కడిగి బోర్లించి. మేం మలంచా వచ్చాక ఆ రోలు బయటికి తీయడం ఇదే.

"మంగళారం ఇక్కణ్ణించి ఆటో ఎన్నింటికి ఎక్కితే అందుతాది?" అంది అమ్మ.

మధ్యాహ్నం ఒంటిగంటకి, అన్నాను.